బుజ్జి కుక్కలకు ఏం పెట్టాలి? ఎంత పెట్టాలి?

(మన సంఘం మాసాంతపు సమావేశంలో విశ్రాంత పశువైద్యాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "ఈసారి డి.ఏ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ కాకుండా ఏదన్నా వేరే విషయం చెప్పండి" అన్నారు. ఏం చెప్పమంటారని అడిగితే, "మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళలో బొచ్చుకుక్క పిల్లలున్నాయండీ. పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్తూ వాటిని మనకు అప్పజెప్పి పోయారు. వాటి తిండి సంగతి చెప్పండి" అన్నారు. నవ్వొచ్చింది. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను చూసింది గేదెల్ని, ఎడ్లని, గొర్రెల్ని. చీకటితో లేచి వెళ్ళి అడ్డం తిరిగిన దూడను లాగిన చేతులివి. ఒళ్ళో కూర్చునే కుక్క గురించి చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. అటువంటి కుక్కను ఒకదాన్ని నా చేతులతోనే చావు అంచు దాకా తీసుకెళ్ళాను. ఆ సంగతి దాచకుండా చెబుతాను.

మా అబ్బాయి 2009లో ఒక పొమరేనియన్ పిల్లను కొన్నాడు. దాని పేరు పింకీ. 2011లో వాడికి అమెరికాలో ఉద్యోగం వచ్చింది. "నాన్నా, ఒక్క ఏడాది ఉంచండి, తర్వాత తీసుకెళ్తాను" అన్నాడు. ఆ ఏడాది ఎప్పటికి పూర్తవుతుందో ఇక్కడున్న తల్లిదండ్రులకు నేను చెప్పనక్కర్లేదు. మా ఆవిడ దాన్ని మనవరాలిలా సాకింది. 2015లో ఆవిడ పోయింది. ఆ తర్వాత పది రోజులు కుక్క గిన్నె ముట్టలేదు. నేను కాఫీ తాగుతూ మేరీ బిస్కెట్ తుంచి చేత్తో పెడితే తిన్నది. అంతే, అది అలవాటైపోయింది. దానికీ, నాకూ కూడా.

రోజువారీ దాని మెనూ చెబుతాను. పొద్దునా సాయంత్రం కలిపి ఆరు మేరీ బిస్కెట్లు. ఒక చిన్న గ్లాసు గేదెపాలు. మధ్యాహ్నం ఒక కప్పు పెరుగన్నం, అందులో వాసన కోసం ఒక చెంచా నెయ్యి. ఇందులో తప్పేముందండీ? మన ఇళ్ళలో కుక్కకు ఇంతకన్నా ప్రేమగా ఎవరు పెడతారు? రెండేళ్ళలో మూడు కిలోల నాలుగువందల గ్రాముల కుక్క నాలుగు కిలోల తొమ్మిదివందల గ్రాములయింది. నాకు తెలియలేదు. బొచ్చు మోసం చేస్తుంది. చూసినవాళ్ళు "భలే ముద్దుగా ఉంది" అనేవారు. మెట్లెక్కితే బాతు అరిచినట్టు దగ్గేది. జలుబనుకున్నాను.

2017 సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. కనుమ నాడు గారెలు, వేటమాంసం. కనుమంటే పశువుల పండుగ గదా, పశువైద్యుడి ఇంట్లో పండుగ ఇంకా ఘనం. బల్ల కింద పింకీ తిరుగుతూంటే పిల్లలు తలా ఒక గారెముక్క, తలా ఒక కొవ్వుముక్క వేశారు. ఆ రాత్రి నుంచి వాంతులు. మర్నాడు ముందుకాళ్ళు నేలకు చాచి, నడుము పైకెత్తి నిలబడుతూంటే ఒళ్ళు విరుచుకుంటోందనుకున్నాను. అది కడుపునొప్పికి గుర్తు. క్లోమగ్రంథి వాచినప్పుడు కుక్క అలా నిలబడుతుంది. నేను చదువుకున్న పాఠమే, కాని ఎడ్లూ గేదెల మధ్య మరిచిపోయాను.

పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. నాలుగు రోజులు సెలైను ఎక్కించారు, నొప్పికీ వాంతులకూ మందులిచ్చారు. మా కాలంలో ఈ జబ్బుకు మూడు రోజులు కడుపు మాడ్చేవాళ్ళం. ఇప్పుడు వాంతులు తగ్గగానే కొవ్వు లేని ఆహారం కొంచెం కొంచెంగా మొదలుపెడుతున్నారు. అక్కడ చూసిన డాక్టరమ్మ ఒకప్పుడు మా డిస్పెన్సరీలో శిక్షణకు వచ్చిన పిల్ల. కుక్కను తూచి, నా వంక చూసి, "సార్, రెండు లీటర్ల పాలకు కిలో దాణా, తూచి పెట్టండయ్యా అని మీరు రైతుల్ని తిట్టేవారు. దీనికి ఏం తూచి పెట్టారు సార్?" అంది. ఆ పిల్ల మర్యాదగానే అడిగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అక్కడి నుంచి నా చదువు మళ్ళీ మొదలైంది. అది మీకు చెప్పడానికే వచ్చాను.

మొదట లెక్క. గాభరా పడకండి, కమ్యుటేషన్ లెక్క కన్నా తేలికే. కుక్క బరువు కిలోల్లో తీసుకుని దాన్ని దానితో మూడుసార్లు గుణించండి. మూడు కిలోలైతే మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. క్యాలిక్యులేటరులో వర్గమూలం మీట రెండుసార్లు నొక్కండి. 2.28 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 160. మూడు కిలోల కుక్క కదలకుండా పడుకుని ఊపిరి పీల్చడానికి రోజుకు కావలసిన కేలరీలవి. ఇంట్లో తిరిగే కుక్కకు దీనిపైన ఐదోవంతు నుంచి సగం దాకా కలపాలి. కాస్త ఎక్కువగా తిరిగేదైతే 255 దాకా పోవచ్చు, మన ఇళ్ళలో సోఫా దిగని వాటికి 190 చాలు. సుమారు 220 అనుకుందాం.

ఇదే లెక్క ముప్పై కిలోల అల్సేషియన్‌కు వేస్తే దాదాపు 900 వస్తుంది. అంటే పెద్దకుక్కకు కిలో బరువుకు 30 కేలరీలు, చిన్నకుక్కకు 53. చిన్న ఒంట్లోంచి వేడి తొందరగా పోతుంది, కాబట్టి పొయ్యి ఎక్కువ మండాలి. కాని పొట్ట మాత్రం పిడికెడే. అందుకే దానికి పెట్టే ప్రతి ముద్దలోనూ సత్తువ ఉండాలి. నీళ్ళ మజ్జిగన్నం పొట్ట నింపుతుంది గాని ఒంటికి పట్టదు.

ఇప్పుడు మా పింకీ మెనూ లెక్కేద్దాం. మేరీ బిస్కెట్ ఒకటి సుమారు 25 కేలరీలు, ఆరుకు 150. గేదెపాలు 100. పెరుగన్నం 160. నెయ్యి 45. మొత్తం 455! దాని అవసరానికి రెట్టింపు పైన. పైగా అందులో మాంసకృత్తులు తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. మనిషి లెక్కలో చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. మనకు రోజుకు రెండువేల కేలరీలు కావాలనుకోండి. మూడు కిలోల కుక్కకు మీరు పెట్టే ఒక్క బిస్కెట్ మనం తొమ్మిది బిస్కెట్లు తిన్నట్టు. ఒక చెంచా నెయ్యి మనం తొమ్మిది చెంచాలు తాగినట్టు. అది 300 గ్రాములు పెరిగితే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు పెరిగినట్టు.

ఇంకో చిక్కుంది. మనం పొమరేనియన్ అని పిలిచేవాటిలో చాలా భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్ అనే జాతి. 1994లో వచ్చిన హిందీ సినిమా 'హమ్ ఆప్కే హై కౌన్'లో టఫీ అనే తెల్లకుక్క గుర్తుంది గదా, అది ఆ కోవదే. అవి సహజంగానే ఐదారు కిలోలు, అంతకు మించి కూడా ఉంటాయి. అసలు పొమరేనియన్ ఒకటిన్నర కిలో నుంచి మూడున్నర కిలోల లోపు. ఆ జాతి కూడా మొదట్లో పెద్దదే. 1888లో విక్టోరియా రాణి ఇటలీ నుంచి చిన్న సైజుది తెచ్చుకున్నాక ఇంగ్లండులో చిన్నవాటి మోజు పెరిగిందట. కాబట్టి పుస్తకంలో పొమరేనియన్‌కు మూడు కిలోలని రాశారని ఆరు కిలోల స్పిట్జ్‌ను పస్తు పెట్టకండి. చేత్తో చూడండి. పక్కటెముకల మీద వేళ్ళు ఆనిస్తే సన్నటి బట్ట కింద ఉన్నట్టు తగలాలి. ఎముకలు పొడుచుకొస్తే తక్కువ, వెతుక్కోవాల్సి వస్తే ఎక్కువ. పైనుంచి చూస్తే నడుము కనబడాలి. స్నానం చేయించిన రోజున, బొచ్చు ఒంటికి అంటుకున్నప్పుడు, అసలు రంగు బయటపడుతుంది.

ఇక ఏం పెట్టాలన్నది. రెండు దారులున్నాయి, రెండింటి మీదా నాకు పట్టుదల లేదు. ఒకటి సంచుల్లో, డబ్బాల్లో దొరికే తయారు ఆహారం. ఇది కొత్త వింతేమీ కాదు. 1860 ప్రాంతంలో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్, ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లను కుక్కలు తినడం చూసి కుక్క బిస్కెట్లు తయారుచేసి అమ్మాడు. అక్కడి నుంచి మొదలైన వ్యాపారమది. సంచి మీద ముందు చూడవలసింది బొమ్మ కాదు. 'కంప్లీట్' అని, అంటే అదొక్కటే పెట్టినా సరిపోయే సంపూర్ణాహారమని, ఉందా? పిల్లలకా, పెద్దవాటికా? తయారైన తేదీ ఎప్పటిది? నూరు గ్రాములకు ఎన్ని కేలరీలు? పొడి గోళీల్లో మామూలుగా 350 నుంచి 400 ఉంటాయి. అంటే మూడు కిలోల కుక్కకు రోజంతటికీ సుమారు 60 గ్రాములు. మన గుప్పిట్లో రెండుసార్లు పట్టే సరుకు! పెట్టేవాడికే ఏడుపొస్తుంది. నాకూ వచ్చింది. కాని అదే దాని వాటా.

మాంసకృత్తుల శాతం చూసేటప్పుడు ఒక మోసం ఉంది. మోసం అనకూడదేమో, మన లెక్క తప్పడమే. డబ్బాలోని తడి ఆహారం మీద 8 శాతం అని, పొడి గోళీల సంచి మీద 24 శాతం అని రాసుంటుంది. పొడిదే మేలనుకుంటాం. డబ్బాలో 78 పాళ్ళు నీళ్ళే. మిగిలిన 22 పాళ్ళలో 8 అంటే 36 శాతం. పొడిదాంట్లో నీరు 10 పాళ్ళు, మిగిలిన 90లో 24 అంటే 27 శాతం. పచ్చిగడ్డినీ, ఎండుగడ్డినీ పోల్చేటప్పుడు మేం వేసే లెక్కే ఇది. నీరు తీసేసిన లెక్కలో పెద్దకుక్కకు కనీసం 18 శాతం, ఎదిగే పిల్లకు 22న్నర శాతం మాంసకృత్తులుండాలని ప్రమాణం. చిన్న దవడకు చిన్న గోళీ ఉండాలి. పెద్ద గోళీలైతే నమలకుండా మింగుతుంది, లేదా వదిలేస్తుంది. దుకాణంలో విప్పిన మూటలోంచి కిలో, అరకిలో తూచి ఇచ్చేది చవకే, కాని గాలి తగిలిన కొవ్వు ముక్కిపోతుంది. చిన్న సంచి కొని మూత గట్టిగా వేసుకోండి.

రెండోది ఇంటి వంట. అన్నం కుక్కకు విషమని కొందరంటారు, అది అతి. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తేల్చినదేమంటే, తోడేలుకు లేని విధంగా కుక్కకు పిండిపదార్థం అరిగించుకునే జన్యువులు పెరిగాయి. వేల ఏళ్ళు మన ఎంగిలి తిని బతికింది గదా. అయితే అన్నమే ఆహారం కాదు. ఉడికించిన చికెన్, గుడ్డు, కాస్త అన్నం, గుమ్మడికాయో క్యారెట్టో వేసి ఉప్పు, కారం, నూనె, పోపు లేకుండా వండవచ్చు. గుడ్డు ఉడికించే పెట్టండి. పచ్చి తెల్లసొన రోజూ పెడితే బయోటిన్ అనే విటమిన్ ఒంటికి అందకుండా చేస్తుంది. అసలు చిక్కు కాల్షియం దగ్గర. వట్టి మాంసంలో భాస్వరం ఎక్కువ, సున్నం దాదాపు శూన్యం. కొన్నాళ్ళు అలాగే పెడితే ఒళ్ళు తన ఎముకల్లోంచే సున్నం లాక్కుంటుంది. పిల్లకుక్క కాళ్ళు వంకర పోవడం, చిన్న గెంతుకే విరగడం అందువల్లనే. గుడ్డు పెంకు కడిగి, ఆరబెట్టి, మెత్తగా నూరి పెట్టుకుంటే పెద్దకుక్కకు మనం చెప్పుకున్న 220 కేలరీల తిండిలోకి చెంచాలో ఎనిమిదో వంతు దాకా సరిపోతుంది. సున్నంతోనే అయిపోదు, జింకు, అయోడిను వగైరా చాలా ఉన్నాయి. కనుక ఎప్పటికీ ఇంటి వంటే పెడతాం అనేవాళ్ళు ఒకసారి డాక్టరుకు చూపించి లెక్క రాయించుకోవాలి.

మా ఇంట్లో గుడ్డు కూడా రాదండీ అనే సభ్యులున్నారని తెలుసు. పిల్లికి మాంసం లేకపోతే ఒంట్లో కొన్ని పదార్థాలు తయారు కావు. కుక్క అలా కాదు, జాగ్రత్తగా కూర్చిన శాకాహారంతో బతకగలదు. కాని ఆ కూర్పు పప్పన్నం, పెరుగుతో పూర్తికాదు. శాకాహార కుటుంబాలు సంపూర్ణాహారమని రాసిన తయారు ఆహారం తీసుకోవడమే క్షేమమని నా అభిప్రాయం.

నేను పింకీకి చేసింది చెబుతాను. మూడు వంతులకు పైగా తయారు ఆహారం, కాటా మీద తూచి. రుచి కోసం ఉడికించిన చికెన్ నాలుగు ముక్కలు, రోజు మొత్తం కేలరీల్లో పదోవంతు మించకుండా. పాతది ఒక్కసారిగా మానిపించకుండా, వారం రోజుల్లో కొత్తది కొంచెం కొంచెం పెంచాను. తగ్గవలసిన బరువు లెక్కలో, అంటే 3.4 కిలోలకు 175 కేలరీలు. మొదటి వారం గిన్నె దగ్గర కూర్చుని నా మొహంలోకి చూసేది. మా ఆవిడ ఫోటో వంక చూస్తే ఆవిడా తిడుతున్నట్టే ఉండేది. ఎనిమిది నెలలు పట్టింది. దగ్గు చాలావరకు తగ్గింది. ఈ జాతికి శ్వాసనాళం మెత్తన, మోకాలిచిప్పలు జారే గుణం. కొవ్వు పెరిగితే రెండూ ముదురుతాయి. మెడపట్టీకి బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడమన్నారు, అదీ పనిచేసింది.

కాఫీ వేళ బిస్కెట్ మానలేకపోయాను, నిజం చెబుతున్నాను. ఒక క్యారెట్టు ముక్కను దాని పేరు పెట్టి బిస్కెట్ అనేవాణ్ణి. పింకీకి అభ్యంతరం లేకపోయింది. దానికి కావలసింది నా చేతిలోంచి రావడమే.

పిల్లకుక్కల గురించి ఒక్కమాట. రెండు మూడు నెలల బుజ్జి జాతి పిల్లకు కాలేయంలో చక్కెర నిల్వ చాలా తక్కువ. కొన్ని గంటలు తినకపోతే తూలుతుంది, వణుకుతుంది, ఫిట్సు వస్తాయి. నాలుగు నెలలు వచ్చేదాకా రోజుకు నాలుగుసార్లు పెట్టండి. తూలుతూ ఉంటే గ్లూకోజు నీళ్ళో, తేనెనో వేలితో చిగుళ్ళకు రాయండి, గొంతులో పోయకండి, పొరబోతుంది. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. అలాగే ఈనిన చిన్నకుక్కకు, పాలిచ్చే మొదటి నాలుగు వారాల్లో వణుకు, కొయ్యబారడం వస్తే అది గేదెకు వచ్చే పాలజ్వరం లాంటిదే, రక్తంలో కాల్షియం పడిపోవడం. ఆలస్యం చేయరాదు. కడుపుతో ఉండగా కాల్షియం టానిక్కులు తెగ తాగిస్తే ఇది రాదనుకుంటారు. నిజానికి వచ్చే అవకాశం పెరుగుతుంది.

పెట్టకూడనివి మన వంటింట్లోనే ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. సాంబారన్నం, పులుసన్నం వద్దనేది అందుకే. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్ మూత్రపిండాలను చెడగొడతాయి. పాయసంలో కిస్‌మిస్, లడ్డూలో కిస్‌మిస్ ఉంటాయి, చూసుకోండి. చాక్లెట్ వద్దు, నల్లగా చేదుగా ఉన్నకొద్దీ ప్రమాదం ఎక్కువ. ఉడికిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. మనలో మధుమేహం ఉన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి మరొకటి. పంచదార లేని చూయింగ్ గమ్ముల్లో, కొన్ని మిఠాయిల్లో, టూత్‌పేస్టుల్లో జైలిటాల్ అనే తీపి ఉంటుంది. మనకు ఫరవాలేదు. మూడు కిలోల కుక్కకు ఒకటి రెండు గమ్ము బిళ్ళలు ప్రాణాంతకం కావచ్చు. తిండి కాకపోయినా చెప్పాలి, మన బి.పి. మాత్ర చేయి జారి మంచం కిందికి దొర్లితే వెతికి తీయండి. మనకంటే ముందు అది వెతుకుతుంది.

పళ్ళు. చిన్న నోట్లో పళ్ళన్నీ ఇరుకు. గార త్వరగా పడుతుంది, నోరు వాసన వేస్తుంది, చిగుళ్ళు చెడి పళ్ళు రాలతాయి. పింకీవి ఆరు పీకించాల్సొచ్చింది. గోళీలు నమిలితే పళ్ళు శుభ్రమవుతాయన్నది కొంతవరకే నిజం. చిన్న బ్రష్షుతో, కుక్కల కోసం చేసిన పేస్టుతో తోమడమే మార్గం. నీళ్ళు ఎప్పుడూ పెట్టి ఉంచండి. షిట్జూ లాంటి చిన్నజాతులకు మూత్రాశయంలో రాళ్ళ బెడద ఉంది.

ముసలి కుక్కకు మాంసకృత్తులు తగ్గించాలనే మాట మా కాలంలో ఉండేది. మూత్రపిండాల జబ్బు లేనంతవరకు తగ్గించనక్కర్లేదని ఇప్పుడంటున్నారు. వయసుతో కండ కరగకుండా ఉండడానికి అవే ఆధారం. మనకు మన డాక్టర్లు చెబుతున్నదీ ఇంచుమించు ఇదే గదా.

పింకీ 2023లో, పధ్నాలుగో ఏట పోయింది. ఆఖరు రోజు దాకా మెట్లెక్కింది. మా అబ్బాయి వీడియోలో చూసి ఏడ్చాడు. "నాన్నా, అమ్మ పోయాక అదే మిమ్మల్ని చూసుకుంది" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

అది వాడిన కాటా ఈ సంచిలో తెచ్చాను. పసిపిల్లల్ని తూచేది, పది గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. సమావేశం అయ్యాక బయట వరండాలో బల్ల మీద పెడతాను. వచ్చే నెల సమావేశానికి ఎవరైనా తమ కుక్కను తీసుకొస్తే తూచి, లెక్క కాగితం మీద రాసిస్తాను. కట్టి తీసుకురండి, కోశాధికారిగారికి కుక్కలంటే కొంచెం భయం. సెలవు.